సిమెంటు గచ్చు మీది కొలత

సోమవారం ఉదయం ఆస్పత్రి తోట షెడ్డులో మాలి మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డికోత మిషన్ను ఒక పక్కకు వంచి, బ్లేడు అంచుకు ఉక్కు స్కేలు ఆనించి చూశాడు. తర్వాత మిషన్ను మళ్ళీ నాలుగు చక్రాల మీద నిలబెట్టి, గచ్చు నుంచి బ్లేడు దాకా ఎంత ఉందో కొలిచాడు. అంగుళంన్నర. నాలుగు మూలలా నాలుగుసార్లు కొలిచాడు; నాలుగుసార్లూ అదే లెక్క వచ్చింది. అప్పుడు గాని అతనికి ఊపిరి కుదుటపడలేదు.

ఆ ఆస్పత్రిలో అందరూ అతన్ని కొలతలయ్య అనేవారు. మొదట్లో వెటకారానికి పెట్టిన పేరే. వాడగా వాడగా వెటకారం అరిగిపోయి పేరు మిగిలింది. మిగతావాళ్ళు కంటితో చూసి "చాల్లే" అనేచోట అతను జేబులోంచి స్కేలు తీసేవాడు. దేనినైనా కొలిచి చూశాక ఇక దాని గురించి వాదన ఉండకూడదని అతని నమ్మకం.

బయట పచ్చిక మాత్రం అతని లెక్కను ఖాతరు చెయ్యలేదు. శనివారం కోసిన గడ్డి సోమవారానికల్లా అక్కడక్కడా తడిసి ఎండిన గోనెసంచి రంగుకు తిరిగింది. అంతా ఎండిపోతే నీళ్ళు చాలలేదనుకోవచ్చు. చుక్కలు చుక్కలుగా పోతే పురుగు అనుకోవచ్చు. ఇవి అలా లేవు. ఒక్కో మచ్చ ఒక మనిషి ఒళ్ళు వాల్చేంత మేర ఉంది. చూసినవాడికి ఎవడికైనా మొదట తోచే కారణం ఒక్కటే, ఆ కారణం ఆ పచ్చిక మీదే కూర్చుని చాపలు చుట్టుకుంటోంది.

వార్డుల్లో ఉన్న రోగుల తాలూకు మనుషులు వాళ్ళు. ఆస్పత్రిలోకి రోజుకు ఒక్క గంట, సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా, పాసు ఉన్నవాళ్ళను పంపిస్తారు. మిగతా ఇరవైమూడు గంటలు ఎక్కడ ఉండాలో ఏ నోటీసులోనూ రాసి లేదు. కాబట్టి వాళ్ళు పచ్చిక మీద ఉంటారు. నలభైమంది దాకా ఉంటారు. ఒకరినొకరు వార్డులను బట్టే పిలుచుకుంటారు: గుండె వార్డు తాత, కాలిన గాయాల అక్క, ఎముకల వార్డు చెల్లి.

పది గంటలకు ఆస్పత్రి పరిపాలన చూసే ఆఫీసరుగారు కబురు పంపాడు. ఆయన కోపిష్టి కాడు. ఎదురుగా కుర్చీ చూపించి కూర్చోమనేవాడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. వచ్చే సోమవారం తనిఖీ సంఘం వస్తోందనీ, గేటు దాటగానే వాళ్ళ కంటపడేది పచ్చికేననీ, పోయిన వారం తానే "తివాచీలా ఉండాలి, ఎత్తు తగ్గించండి" అన్న సంగతి తనకు గుర్తుందనీ చెప్పాడు. తగ్గించడంలో ఎక్కువ తగ్గిందేమోనని నెమ్మదిగా అడిగాడు.

మాలికి ఆ ప్రశ్న గుచ్చుకుంది. గడ్డి రెండంగుళాలుంటే అంగుళంన్నరకు పెట్టి కోశానన్నాడు. మొత్తం ఎత్తులో మూడోవంతుకు మించి ఒక్కసారి తీయకూడదనీ, తాను తీసింది నాలుగోవంతేననీ, పొద్దున మిషన్ను మళ్ళీ కొలిచి చూసుకునే వచ్చాననీ చెప్పాడు. ఆఫీసరుగారు తలపంకించి, మిషన్ తప్పు కాకపోతే మరి కారణం ఏమై ఉంటుందని అడిగాడు.

"తొక్కిడి అయ్యుంటుంది సార్," అన్నాడు మాలి.

అతను అన్నది అంతే. మధ్యాహ్నానికి కాగితం టైపై వచ్చేసరికి "అయ్యుంటుంది" కాస్తా "అని నిర్ధారణ అయినది" అయి కూర్చుంది. మాలి ఆ మాట దగ్గర కాసేపు ఆగాడు. అనుమానానికీ నిర్ధారణకూ మధ్య ఎంత దూరం ఉందో అతనికి తెలుసు. కాని ఆ దూరం కొలవడానికి స్కేలు పనికిరాదు. గుమాస్తా పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. మాలి సంతకం చేశాడు.

మంగళవారం పొద్దున్నే స్తంభానికి నోటీసు అంటించారు. పచ్చికను కాపాడే నిమిత్తం చుట్టూ కంచె వేయబడుననీ, శనివారం నుంచి లోపల కూర్చొనుట, పడుకొనుట నిషిద్ధమనీ దాని సారాంశం. చదువు రానివాళ్ళ కోసం గేటు దగ్గరి కాపలావాడు దాన్ని బిగ్గరగా చదివాడు. చివర "తోటమాలి నివేదిక మేరకు" అన్న ముక్క దగ్గరకు వచ్చేసరికి నలభై తలలూ మాలి వైపు తిరిగాయి. అతను నీళ్ళ గొట్టం చుట్టుకుంటూ ఉన్నాడు. చుట్టడం ఆపలేదు.

వాళ్ళలోంచి ఎముకల వార్డు చెల్లి లేచి వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మొగుడు కడుతున్న భవనం మీదనుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. మొదటి అంతస్తులో మూడో కిటికీ పక్క మంచం అతనిది. కదలగలిగింది ఒక్క కుడిచెయ్యి. పొద్దునా సాయంత్రమూ ఆ చేత్తో తువ్వాలు పైకెత్తి ఆడిస్తాడు. ఆమె కింద తన చాప మీద నిలబడి చెయ్యి ఊపుతుంది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన తన కోసం ఇంతసేపు చూసిన పాపాన పోలేదని, నడుం విరిగితే గాని మగాళ్ళకు పెళ్ళాం కనబడదని తోటివాళ్ళతో అని నవ్వించేది. ఆ కిటికీ కనబడేది పచ్చికకు తూర్పు అంచున ఉన్న కొద్ది మేర నుంచే. అక్కడి నుంచి నాలుగు గజాలు పక్కకు జరిగితే వరండా కప్పు అడ్డం వస్తుంది.

"అన్నయ్యా, ఒక్క మాట అడుగుతా, కోపం తెచ్చుకోకు," అంది. "మేం పడుకుని గడ్డి చంపేశామన్నావట."

"తొక్కితే గడ్డి బతకదమ్మా."

"అదిగో, ఆ తాడు కట్టిన గుండ్రం. అందులోకి మీ కాపలా ఆయన కాకిని కూడా దిగనివ్వడు. అక్కడెందుకు చచ్చింది?"

మాలి అటు చూశాడు. జెండా స్తంభం చుట్టూ తాడు కట్టిన గుండ్రంలో గోనె రంగు మచ్చలు మూడున్నాయి. అవి అంతకుముందు అతనికి కనబడలేదని కాదు. చూశాడు గాని లెక్కలోకి తీసుకోలేదు.

"ఇంకోటి చూపిస్తా రా," అని ఆమె తన చాప ఎత్తింది. కింద గడ్డి అణిగి, నేలకు అతుక్కుపోయి, లేత పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంది. చచ్చింది కాదు; వెలుతురు తగలక పాలిపోయింది, అంతే. చాపకు అవతల, ఎవరూ పడుకోని సందులో, మచ్చ. "నలభై రోజుల్నించి ఒకేచోట పడుకుంటున్నా. నా ఒంటి కింద బతికే గడ్డి, నా పక్కన ఎందుకు చస్తుందంటావ్? నేనేమైనా పక్కలోకి విషం కక్కుతున్నానా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మాలి నవ్వలేదు. తనకు పని ఉందని చెప్పి వెళ్ళిపోయాడు. ఒక ఆడమనిషి నలుగురిలో తన పని తప్పుబట్టిందన్న ఉడుకు మధ్యాహ్నం దాకా తగ్గలేదు. కాని ఆమె అడిగిన రెండు ప్రశ్నలూ సరైనవన్న సంగతి ఆ ఉడుకు కింద ఎక్కడో మెదులుతూనే ఉంది. అతను మొండివాడే గాని, కంటిముందు ఉన్నదాన్ని లేదనుకోగలిగినంత మొండివాడు కాడు.

మూడు గంటలకు మచ్చలోంచి పది కాడలు, చాప కింద నుంచి పది కాడలు తుంచుకుని షెడ్డుకు వచ్చాడు. వాటిని వరసగా గచ్చు మీద పరిచి కొలిచాడు. చాప కిందివి అంగుళంన్నరకు కాస్త అటూ ఇటూ ఉన్నాయి. ఒక్కోదానికి మూడు నాలుగు ఆకులున్నాయి. మచ్చలోవి ముప్పావు అంగుళం. వాటికి ఒక్క ఆకు లేదు. కింద ఉండే గట్టి గోధుమరంగు కాడ మాత్రమే మిగిలి, పైన మొండిగా తెగి ఉంది. ఆకు లేని కాడకు ఆహారం ఎక్కడినుంచి వస్తుంది? ఎండలో రెండు రోజులకు మాడిపోతుంది. తొక్కితే గడ్డి వంగుతుంది, ఇలా తెగదు. ఇది బ్లేడు పని.

కాని బ్లేడు అంగుళంన్నర ఎత్తులో ఉందే.

మిషన్ను బయటకు తోసుకొచ్చి, మచ్చ పక్కన ఎత్తుగా పొంగి ఉన్న గడ్డి మీద నిలబెట్టాడు. నిలబెట్టి వదిలేసి, వంగి చూశాడు. చక్రాలు సన్నవి. అవి నెమ్మదిగా, బరువైన మనిషి పరుపు మీద కూర్చున్నట్టు, కిందికి దిగాయి. ఈ జాతి గడ్డి ఎండకు పొంగి అల్లుకుంటుంది. ఎనిమిదేళ్ళ పాత కాడలు ఒకదాని మీద ఒకటి పడి, కింద మెత్తటి పొరగా పేరుకుని ఉన్నాయి. పోయిన వారం రెండు రోజులు వాన కురిసి ఆ పొర నీళ్ళు పీల్చి ఉబ్బింది. మాలి ఒక చెక్కపలకను పొర మీద ఆనేట్టు పెట్టి, దానికీ బ్లేడుకూ మధ్య కొలిచాడు. ముప్పావు అంగుళం. ఇంకోచోట కొలిచాడు. అర కూడా లేదు.

తర్వాత మిషన్ను చెల్లి చాప ఉన్నచోటికి తోశాడు. అక్కడ నలభై రోజులుగా ఒక ఒళ్ళు ఆనుతూ ఉండడంతో పొర అణిగి గట్టిపడింది. చక్రాలు దిగలేదు. అంగుళంన్నర.

అన్నాళ్ళూ తాను కొలిచింది గచ్చు నుంచి. తాను కోసేది గచ్చును కాదు. ఇంత దట్టమైన పచ్చికకు అంగుళంన్నర పెట్టడమే సాహసం; వాన వెలిసిన వారంలో అయితే రెండున్నరకు తగ్గకూడదు. తనిఖీ సంఘానికి తివాచీ కావాలన్నప్పుడు కాదని చెప్పాల్సిన మనిషి తాను. చెప్పకపోగా, కొలిచానన్న ధీమాతో కోశాడు. ఇక మనుషులు పడుకున్నచోట గడ్డి చావలేదు సరికదా, వాళ్ళు పడుకున్నచోటే బతికింది. వాళ్ళు లేకపోతే పచ్చిక మొత్తం పోయేది.

సాయంత్రం ఇంట్లో భార్య ఆస్పత్రి దుప్పట్లు మడతపెడుతోంది. ఆమె అక్కడే చాకిరేవు విభాగంలో పనిచేస్తుంది; మిగిలిపోయిన మడతలు ఇంటికి తెచ్చుకుంటుంది. మాలి దుప్పటి రెండో కొస పట్టుకుని, జరిగింది చెప్పాడు. ఆమె మడత మీద మడత వేస్తూ విని, ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావని అడిగింది. చెప్పేస్తానన్నాడు.

"చెప్పకపోతే గడ్డి పచ్చబడదా?"

"ఎత్తు పెంచితే మూడు వారాల్లో అదే పచ్చబడుతుంది."

"మరింకేం. ఎత్తు పెంచు, నోరు మూసుకో. పదవీ విరమణకు ఏడాదిన్నర పెట్టుకుని పోయి పోయి నీ నోటితో నువ్వే చెప్పుకుంటావా?"

"కంచె పడుతుందే."

"కంచె నువ్వు వేస్తున్నావా?"

ఆమె దుప్పటి కొస అతని చేతిలోంచి లాక్కుని, "సరిగా పట్టుకోవడం కూడా రాదు, కొలతలొకటి," అని గొణిగింది. ఇంకో దుప్పటి అందుకుంటూ, నీళ్ళ కుళాయి దగ్గర ఆ ఎముకల వార్డు పిల్లను రోజూ చూస్తుంటాననీ, చీర ఉతుక్కుని ఒంటి మీదే ఆరబెట్టుకుంటుందనీ అంది. ఆ తర్వాత చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

బుధవారం ఉదయం అతను పిలవకుండానే ఆఫీసరుగారి గదికి వెళ్ళాడు. ఇరవై కాడలనూ ఒక అట్టముక్క మీద అంటించి తీసుకెళ్ళాడు. పై వరస మచ్చలోవి, కింది వరస చాప కిందివి. తప్పు తనదేనని మొదటి వాక్యంలోనే చెప్పేశాడు. తర్వాత గచ్చు, పొర, చక్రాలు, వాన, అన్నీ వరసగా వివరించాడు. ఆఫీసరుగారు అట్టముక్కను వెలుతురుకు పట్టి చూశాడు. మధ్యలో అడ్డుపడలేదు. నిజంగా ఆసక్తిగానే విన్నాడు.

"అంటే వాళ్ళు పడుకున్నచోటే బాగుందన్నమాట," అన్నాడు.

"అవును సార్."

"బాగుంది. ఇంత వివరంగా ఎవరూ చెప్పరు. మరిప్పుడు ఇది కోలుకోవాలంటే ఏం చెయ్యాలి?"

పని గురించి ప్రశ్న అడిగితే మాలి నోరు ఆగదు. ఎత్తు రెండున్నరకు పెంచాలన్నాడు. పది రోజులు మిషన్ తాకించకూడదనీ, తర్వాత కూడా కొసలు మాత్రం తీస్తూ పోవాలనీ, నీళ్ళు రోజూ చిలకరించకుండా మూడు రోజులకోసారి లోతుగా పెట్టాలనీ అన్నాడు. మోళ్ళ నుంచి కొత్త చిగురు రావాలి గదా అన్నాడు.

"చిగురు వచ్చేటప్పుడు దాని మీద మనుషులు పడుకోవచ్చా?"

ఆ ప్రశ్నకు నిజమైన జవాబు ఒక్కటే ఉంది.

"కొన్నాళ్ళు తొక్కకపోతే మంచిదే సార్."

"కదా," అన్నాడు ఆఫీసరుగారు. "కారణం మారింది. పని మారలేదు."

మూడు వారాలకైతే తాడు కడితే చాలునని, సిమెంటు పోసి ఇనప కంచె దేనికని మాలి అన్నాడు. గొంతు తనకే అరువు తెచ్చుకున్నట్టు వినబడింది. కంచెకు మంజూరు వచ్చేసిందనీ, ఇనుము దిగిందనీ, ఇప్పుడు నివేదిక మార్చి రాస్తే ఇద్దరికీ తలనొప్పి తప్ప ఎవరికీ ఒరిగేదేమీ లేదనీ ఆఫీసరుగారు చెప్పాడు. నిజాయితీగా వచ్చి చెప్పినందుకు సంతోషమన్నాడు. ఆ మాట పైకి పోదు, భయపడొద్దన్నాడు. మాలి తలుపు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచి, కంచె గీత వంకర పోకుండా గుర్తులు పెట్టే పని అతనికే అప్పజెప్పాడు. కొలతలో అతన్ని మించినవాడు ఆస్పత్రిలో లేడని ఆయన అన్నదాంట్లో వెటకారం లేదు.

గురువారం తాపీమేస్త్రీ ఇద్దరు కూలీలతో వచ్చాడు. మాలి సున్నం డబ్బా, తాడు, మేకులు పట్టుకుని ఉత్తరం వైపు నుంచి మొదలుపెట్టాడు. ఉత్తరం వైపు ఇటుక అంచు వెంబడే గీత గీశాడు. పడమర వైపూ అంతే. తూర్పు వైపుకు వచ్చేసరికి మెట్లకూ కరెంటు పెట్టెకూ మధ్య నిలబడి, మొదటి అంతస్తు వైపు చూసి, తర్వాత కిందికి చూసి, టేపు తీసి ఆ మేర కొలిచాడు. ఇరవై ఎనిమిది అడుగులు. మనసులో భాగహారం చేశాడు. మనిషికి రెండున్నర అడుగుల చాప.

"ఇక్కడ లోపలికి జరగాలి," అన్నాడు మేస్త్రీతో. "అంచు కింద నీళ్ళ పైపుంది. గునపం దింపితే పగులుతుంది."

"ఎంత జరగాలి?"

"ఆరడుగులు."

మేస్త్రీ నవ్వాడు. పైపు ఎంత లావుంటుందన్నా, అందులో మనిషి పడుకుంటాడా అన్నాడు. మాలి వినిపించుకోనట్టు మేకు దిగగొట్టాడు. పైపు నిజానికి పడమర గోడలో ఉంది. తూర్పు వైపు వానపాములు తప్ప మరేమీ లేవు. ఇది తెలిసినవాడు అతనొక్కడే.

సాయంత్రం ఆఫీసరుగారు గీతను చూడడానికి వచ్చి, తూర్పు వైపు మెలిక దగ్గర నిలబడి, ఎందుకని అడిగాడు. మాలి పైపు సంగతి చెప్పాడు. రెండడుగులు చాలవా అంటే, మలుపు దగ్గర పైపు లోపలికి వంగుతుందని, దానికి ఇంకో అడుగున్నర భద్రత వదలాలని, గుంట వెడల్పు కలుపుకోవాలని లెక్క చెప్పాడు. ప్రతి అంకె గట్టిగా పలికాడు. ముప్ఫై రెండేళ్ళ ఉద్యోగంలో అతను తప్పుడు కొలత చెప్పడం అదే మొదలు. అంత సులువుగా చెల్లుతుందని అతనికి తెలియదు. ఆఫీసరుగారు అతని మొహం చూసి, స్కేలున్న జేబు చూసి, సరేనన్నాడు.

శుక్రవారం గుంటలు తవ్వి, స్తంభాలు నిలిపి, సిమెంటు పోశారు. పన్నెండడుగులు అడిగి ఉంటే రెండు వరసలు పట్టేవని మాలికి ఆ మధ్యాహ్నం తోచింది. పన్నెండు అంటే ఆఫీసరుగారు పైపు పటం తెమ్మనేవాడు. అందుకే ఆరుకు ఆగాడు. జాగ్రత్తపరుడి అబద్ధం కూడా జాగ్రత్తగానే ఉంది. సిమెంటు అప్పటికే బిగుసుకుంటోంది.

ఆ చెల్లికి ముందే చెబుదామని రెండుసార్లు ఆమె దగ్గరికి వెళ్ళాడు. రెండుసార్లూ పక్కన ఎవరో ఉన్నారు. ఈ మాట ఇద్దరి చెవిన పడితే నలభైమంది చెవిన పడుతుంది, సాయంత్రానికి ఆఫీసు చెవిన పడుతుంది. ఆమె చాప వేసే చోటు ఆ మేరలోనే, మూడో కిటికీకి ఎదురుగా ఉందని తృప్తిపడి తిరిగొచ్చాడు.

శనివారం నాలుగున్నరకు కాపలావాడు ఈల ఊది పచ్చిక ఖాళీ చేయించాడు. కొందరు తిట్టుకున్నారు, కొందరు మూటలు సర్దుకున్నారు. ఎవరో తూర్పు వైపు కంచెకు ఇవతల గడ్డి మిగిలిందని గమనించారు. నిమిషంలో అటు పరుగులు మొదలయ్యాయి. చాపలు టపటపా పరుచుకున్నాయి; ఒకరి చాప అంచు మీద ఒకరు మోకాలు వేసి నెట్టుకున్నారు; నిన్నటిదాకా పంచుకు తిన్న ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి కొంగు ఒకరు పట్టుకున్నారు. మాలి కంచె లోపల, తూర్పు మూలన చివరి స్తంభం దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాడు. అయిదు నిమిషాల్లో అంతా సద్దుమణిగింది. పదకొండు చాపలు. లెక్క తప్పలేదు. మిగతావాళ్ళు మూటలు ఎత్తుకుని గేటు వైపు నడిచారు.

మూడో కిటికీకి ఎదురుగా గుండె వార్డు తాత కూర్చుని ఉన్నాడు. కాళ్ళు వాచి ఉన్నాయి. చోటు దొరికినందుకు కళ్ళు మూసుకుని ఆయాసం తీర్చుకుంటున్నాడు.

అయిదు దాటాక ఎముకల వార్డు చెల్లి మెట్లు దిగి వచ్చింది. పాసు గంట పూర్తిగా వాడుకుని వచ్చిన మనిషి. చుట్టిన చాప చంకలో ఉంది. ముందు కంచెను చూసింది. తర్వాత ఇవతల మిగిలిన గడ్డి పట్టీని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. పట్టీ వెంట నడుస్తూ, కంచె ఉన్నట్టుండి లోపలికి మెలిక తిరిగినచోట ఆగి, ఆ మెలికనూ కిటికీనీ మార్చి మార్చి చూసింది. తర్వాత మాలి ఉన్నచోటికి వచ్చి, ఊచలకు ఇవతల నిలబడింది.

ఆమె అడుగుతుందనుకున్నది వేరు. మిషన్ సంగతి ఆఫీసులో ఒప్పుకున్నానని చెప్పాలని అతను మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాడు. ఆమె ఆ ఊసే ఎత్తలేదు.

"ఎంతమందికి కొలిచావన్నయ్యా?" అంది.

అతను ఊచ పట్టుకున్నాడు. "పదకొండు మందికమ్మా."

ఆమె వెనక్కి తిరిగి, పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టింది. తాత దగ్గరకు వచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ లెక్కపెట్టుకుంటూ పోయింది. ఆయన్ను లేపమని అడగలేదు. మాలి కూడా ఆ మాట అనలేకపోయాడు. ఆ పట్టీలో మనిషికి రెండున్నర అడుగులు లెక్కగట్టింది తనే. ఎవరినైనా అంగుళం జరగమనడానికి అందులో అంగుళం లేదు.

"సరిపోయారు," అంది ఆమె.

చాపను రెండో చంకలోకి మార్చుకుని గేటు వైపు నడిచింది. గేటు అవతల రోడ్డు వారన మిగతావాళ్ళు మూటలు దించుకుంటున్నారు. అక్కడి నుంచి ఆస్పత్రి ప్రహరీ గోడ, నీళ్ళ ట్యాంకు, వాహనాల షెడ్డు కనబడతాయి.

పడమర వైపు నుంచి మేస్త్రీ కేక వేశాడు. మిగిలిన ఒక్క స్తంభానికీ గుంట ఎక్కడ తవ్వాలో చెప్పమంటున్నాడు. మాలి టేపు పట్టుకుని వెళ్ళి, ఇటుక అంచుకు ఆనించి కొలిచి, నాలుగడుగుల మూడంగుళాలని చెప్పాడు.